కొత్తగా చేరినవారికి రాసే మొదటి ఉత్తరం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: నేను పాలకొల్లులో ఉంటూ ఆడవాళ్లకు ఆన్‌లైన్‌లో వ్యాయామం నేర్పుతున్నాను. నా దగ్గరకు వచ్చేవారిలో సగం మంది చుట్టుపక్కల ఊళ్లవారు, మిగిలినవారు కువైట్‌లోనూ అమెరికాలోనూ ఉంటున్న మన ప్రాంతపు ఆడపడుచులు. నా వెబ్‌సైటులో ఈమెయిలు చిరునామా ఇచ్చినవారికి వారం రోజుల భోజన పట్టిక ఉచితంగా పంపుతానని పెట్టాను. చిరునామా ఇవ్వగానే ఒక స్వాగత ఉత్తరం దానంతట అదే వెళ్తుంది. ‘ప్రియమైన సభ్యులారా, మా ఫిట్‌నెస్ కుటుంబంలోకి హృదయపూర్వక స్వాగతం’ అని మొదలుపెట్టి, నా అర్హతలు, నేను బరువు తగ్గిన తీరు, మూడు ప్యాకేజీల వివరాలు, ఈ వారం రాయితీ, యూట్యూబ్, ఇన్‌స్టాగ్రామ్ లింకులు రాశాను. పట్టికను చివర జతచేశాను. ఉత్తరం తెరుస్తున్నట్టు లెక్కలు చూపిస్తున్నాయి గాని ఒక్కరూ జవాబు రాయరు, ఉదయం 5:30 ఉచిత క్లాసుకూ రారు. లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

సమాధానం: మీరు పంపిన ఉత్తరం పూర్తిగా చదివాను. భాషలో తప్పులేమీ లేవు, రాసినవన్నీ నిజాలే. లోపమంతా ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే ఉంది. మీ ఉత్తరం అందుకున్నావిడ మీకు చిరునామా ఇచ్చింది భోజన పట్టిక కోసం. ఆ పట్టిక చేతికి రావాలంటే మీ అర్హతలు, మీ కథ, మూడు ప్యాకేజీలు, రాయితీ గడువు అన్నీ దాటుకుని అట్టడుగుకు రావాలి. సగం మంది ప్యాకేజీల దగ్గరే ‘ఓహో, ఇందుకా’ అనుకుని ఫోను పక్కన పెట్టేసి ఉంటారు. ఇస్తామన్నది మొదటి రెండు వాక్యాల్లోనే ఇచ్చేయండి. ధరల సంగతి ఈ ఉత్తరంలో పూర్తిగా మానేయండి. ధర తెలుసుకోవాలనుకున్నవారు మీ వెబ్‌సైటు చూడగలరు, అడగనూ గలరు.

పట్టికను జతచేయడం కంటే లింకుగా ఇవ్వడం మేలు. తాకగానే ఫోనులోనే తెరుచుకోవాలి, మళ్లీ పేరు, ఫోను నంబరు అడిగే పేజీ అడ్డు రాకూడదు.

ఇక పిలుపు సంగతి. ఉత్తరం వెయ్యి మందికి వెళ్లినా, చదివేటప్పుడు ఆవిడ ఒక్కతే చదువుతుంది. అందుకని ‘సభ్యులారా’ అన్నది సభలో మైకు పట్టుకుని మాట్లాడినట్టు ఉంటుంది. పేరు పెట్టి, గారు చేర్చి పిలవండి. ఇందులో ఒక చిక్కుంది. ఉత్తరాలు పంపే సాఫ్ట్‌వేర్లు చాలావాటిలో పేరులోని మొదటి మాటే పిలిచే పేరన్న లెక్క నడుస్తుంది. మనవాళ్లు ఇంటిపేరు ముందు రాస్తారు కాబట్టి ‘హాయ్ నల్లమిల్లి’ అనో, ‘డియర్ కె’ అనో ఉత్తరం వెళ్తుంది. ఇంటిపేరుతో పిలిపించుకున్నావిడకు అది యంత్రం రాసిన ఉత్తరమని మొదటి మాటలోనే తెలిసిపోతుంది. వెబ్‌సైటులో ‘పూర్తి పేరు’ అని అడిగే గడి తీసేసి ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు?’ అని పెట్టండి. పద్మ అని ఒకరు, పద్మావతి అని మరొకరు, ‘బాబీ వాళ్లమ్మ’ అని ఇంకొకరు రాస్తారు. ఎలా రాస్తే అలాగే పిలవండి.

తర్వాతిది వేళ. ‘ఉదయం 5:30 క్లాసు’ అని మాత్రమే రాశారు, ఏ దేశపు ఉదయమో రాయలేదు. మన 5:30కి కువైట్‌లో తెల్లవారుజాము మూడు. అమెరికాలోని డల్లాస్‌లో అప్పటికి ముందురోజు సాయంత్రమే నడుస్తూ ఉంటుంది. అక్కడి వేసవిలో ఏడు, చలికాలంలో ఆరు. అంటే అక్కడ ఉన్నావిడకు మీ క్లాసు ఆఫీసు నుంచి వచ్చాక చక్కగా కుదిరే వేళ. ఆ సంగతి ఆవిడకు తెలియదు. కువైట్‌లో ఇంటి పనికి వెళ్లినావిడకు మాత్రం ఎప్పటికీ కుదరని వేళ. ఆవిడకు క్లాసు రికార్డింగు పంపితే సరిపోతుంది. పాలకొల్లులో ఉన్నవారికీ 5:30 అంటే పాలు కాచుకుని, పిల్లల క్యారియర్లు కట్టుకునే హడావుడి. కాబట్టి మొదటి ఉత్తరంలో క్లాసు వేళ ప్రకటించకండి, వాళ్లకు ఏ వేళ వీలవుతుందో అడగండి. ఆ ఒక్క ప్రశ్నే జవాబులు తెప్పిస్తుంది. వచ్చిన జవాబులను బట్టి రెండో క్లాసు ఎప్పుడు పెట్టాలో కూడా మీకు తెలుస్తుంది.

మీ పట్టిక కూడా చూశాను. పొద్దున ఓట్స్, మధ్యాహ్నం కినోవా, రాత్రి ఉడకబెట్టిన బ్రకోలీ. నరసాపురంలోనో రాజోలులోనో ఉన్న ఇల్లాలు దాన్ని తెరిచి, ఇంట్లో ఏదీ లేదని మూసేస్తుంది. ఉన్నా, ఇంటిల్లిపాదికీ ఒక వంట, తనకొక వంట ఎన్నాళ్లు చేసుకుంటుంది? వరి పండే నేల మీద కూర్చుని అన్నం మానేయమని చెప్పేకంటే పళ్లెంలో అన్నం వాటా ఎంత ఉండాలో చెప్పడం మేలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు చెప్పేదీ ఇంచుమించు ఇదే. రోజంతా తిన్నదాని నుంచి వచ్చే శక్తిలో బియ్యం, గోధుమ, చిరుధాన్యాల వాటా 45 శాతం దాటకుండా చూసుకొమ్మని, పప్పులు, గుడ్లు, మాంసాహారం వాటా పెంచుకొమ్మని అవి సూచిస్తున్నాయి. మన ఇళ్లలో ఆ వాటా పెంచడానికి డబ్బా పొడులు కొననక్కరలేదు. పొద్దున పెసరట్టు, ఒక ఉడకబెట్టిన గుడ్డు, మధ్యాహ్నం తోటకూర పప్పు, దొరికిన రోజున నూనె తగ్గించిన చేపల పులుసు చాలు. ఒక గుడ్డులో మాంసకృత్తులు సుమారు 6 గ్రాములుంటాయని పక్కనే రాస్తే లెక్క కావలసినవారికి లెక్క కూడా దొరుకుతుంది. పట్టిక మార్చకుండా ఉత్తరం ఎంత తీర్చిదిద్దినా ఉపయోగం ఉండదు. మీ మాట మీద గురి కుదిరేది దాన్ని చూసే.

ఆరోగ్యానికి సంబంధించిన హెచ్చరిక మీ ఉత్తరంలో అడుగున, సన్నటి అక్షరాల్లో, న్యాయవాది రాసిచ్చినట్టు ఉంది. దాన్ని మధ్యకు తెచ్చి మామూలు మాటల్లో చెప్పండి. షుగరుకు ఇన్సులిన్ గాని, కొన్ని రకాల మాత్రలు గాని వాడేవారు ఉన్నట్టుండి భోజనం తగ్గిస్తే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు. కార్తీక సోమవారం ఉపవాసానికీ మీ పట్టికకూ ఈ విషయంలో తేడా లేదు. డాక్టరుకు చెప్పి మందు మోతాదు సరిచూసుకున్న తర్వాతే ఏదైనా మొదలుపెట్టాలి. ఈ మాట సూటిగా చెప్పినందువల్ల ఎవరూ వెళ్లిపోరు. ఆ ఇంటి మగవారికి, అత్తగారికి కూడా మీ మీద నమ్మకం కుదురుతుంది.

మీ ఉత్తరాన్ని నేనే రాయవలసివస్తే ఇలా రాస్తాను. సబ్జెక్ట్ లైనులో ‘మీరడిగిన భోజన పట్టిక’ అన్న రెండు మూడు మాటలు చాలు. ఫోను తెర మీద అంతకంటే మరీ ఎక్కువ కనిపించదు, తెలుగు అక్షరాలకు చోటు కాస్త ఎక్కువే పడుతుంది. పంపినవారి పేరు దగ్గర సంస్థ పేరు ఒక్కటే కాకుండా మీ పేరు కూడా ఉండాలి.

‘లక్ష్మి గారూ, నమస్కారమండి.

మీరడిగిన వారం రోజుల భోజన పట్టిక ఇదిగో, ఈ లింకు తాకితే ఫోనులోనే తెరుచుకుంటుంది. ఇందులో మన వంటింట్లో లేని వస్తువేదీ రాయలేదు. అన్నం మానేయమని కూడా రాయలేదు. ఎంత అన్నానికి ఎంత పప్పు, ఎంత కూర వేసుకోవాలో రాశాను.

నేను పాలకొల్లులో ఉంటాను. ఇంట్లోనే, పరికరాలేవీ లేకుండా చేసుకునే వ్యాయామాలు ఆడవాళ్లకు నేర్పుతాను.

ఈ రోజుకు ఒక్క పని చేయండి. రాత్రి భోజనం చేశాక పది నిమిషాలు డాబా మీదో, వీధిలోనో మెల్లగా నడవండి. పట్టిక రేపు మొదలుపెట్టినా పరవాలేదు.

బీపీకి, షుగరుకు, గుండెకు మందులు వాడుతున్నా, కడుపుతో ఉన్నా, ఈ మధ్య ఆపరేషను అయినా పట్టికను ముందు మీ డాక్టరు గారికి చూపించండి. షుగరు మందు వేసుకుంటూ మీ అంతట మీరు భోజనం తగ్గించవద్దు.

ఒక మాట అడుగుతానండి. రోజు మొత్తంలో మీకంటూ ఓ ఇరవై నిమిషాలు ఎప్పుడు దొరుకుతాయి? మీరు ఏ ఊళ్లో, ఏ దేశంలో ఉన్నారో చేర్చి, ఈ ఉత్తరానికే ఒక్క ముక్క జవాబు రాయండి. నేనే చదువుతాను, రెండు రోజుల్లో జవాబిస్తాను.

ఎల్లుండి ఇంకొక ఉత్తరం వస్తుంది. కుర్చీ ఒక్కటి పెట్టుకుని చేసే మూడు వ్యాయామాలు అందులో ఉంటాయి. ఆ తర్వాత వారానికి ఒక్కటే, ఆదివారం నాడు. వద్దనుకుంటే అడుగున ఉన్న ‘ఇక వద్దు’ అన్న మాట తాకండి, ఆగిపోతాయి.

ఉంటానండి.’

దీని కింద మీ పేరు రాయండి. అర్హతలు చెప్పుకోవాలనిపిస్తే పేరు కింద ఒక్క వరుసలో రాయవచ్చు. మీ బరువు తగ్గిన కథ బాగుంది. అయితే దాన్ని మూడో ఉత్తరానికో నాలుగో ఉత్తరానికో అట్టేపెట్టండి, అప్పటికి మీరెవరో తెలుసుకోవాలన్న కుతూహలం వాళ్లకు కలుగుతుంది.

పది నిమిషాల నడక మరీ తక్కువ కాదా అని మీకు అనిపించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలి. ఆ లెక్కకు పది నిమిషాలు చాలవు, నిజమే. కాని మొదటి రోజే 150 నిమిషాల మాట ఎత్తితే ‘మన వల్ల కాదులే’ అనిపిస్తుంది. ఇప్పుడు చెప్పేది ఇవాళే, చీర మార్చుకోకుండా, చెప్పులు వేసుకుని చేసేయగలిగిన పని అయి ఉండాలి. భోజనం తర్వాతి నడక రక్తంలో షుగరు ఒక్కసారిగా పెరగకుండా చూస్తుంది కాబట్టి వృథా కూడా కాదు. కాలువ గట్టు మీద తెల్లవారుజామున నడవమని మాత్రం అందరికీ చెప్పకండి. మగవాళ్లకు అది హాయి. చీకటి వేళ ఒంటరిగా నడవవలసిన ఆడవాళ్లకు, ట్రాక్టర్లు, చేపల లోడు బండ్లు తిరిగే గట్టు మీద, అది వేరే సంగతి.

జవాబు ఇస్తానని రాశాక ఇచ్చి తీరాలి. అంత తీరిక లేకపోతే ఆ ప్రశ్నే అడగవద్దు. ‘ఈ చిరునామాకు జవాబులు పంపవద్దు’ అనే రకం చిరునామా నుంచి ఈ ఉత్తరం ఎన్నడూ పంపకండి.

తెరుస్తున్న లెక్కలను ఎక్కువ నమ్మవద్దని కూడా చెప్పాలి. ఉత్తరంలోని బొమ్మలు ఫోనులోకి దిగితే సాఫ్ట్‌వేర్ దాన్ని తెరిచినట్టు లెక్కేసుకుంటుంది. యాపిల్ సంస్థ 2021 సెప్టెంబరు నుంచి తన మెయిల్ యాప్‌లో ఒక గోప్యతా సదుపాయం పెట్టింది. దానివల్ల మనిషి ఉత్తరం చూడకపోయినా అందులోని బొమ్మలు ముందే దిగిపోయి, తెరిచినట్టు నమోదవుతుంది. అమెరికాలోని మీవారిలో ఐఫోన్లు వాడేవారు ఉండే ఉంటారు కాబట్టి మీ లెక్కల్లో ఆ కల్తీ కొంత ఉంటుంది. ఎందరు జవాబు రాశారు, ఎందరు పట్టిక లింకు తాకారు అన్నవి చూసుకోండి.

ప్రశ్న: మా భీమవరంలో అందరూ వాట్సాపే చూస్తారు. ఈమెయిలు ఎవరు చూస్తారండి? స్వాగతం వాట్సాప్ గ్రూపులోనే చెబితే సరిపోదా?
– ఒక పాఠకుడు, భీమవరం

సమాధానం: క్లాసు లింకు, ‘ఈ రోజు క్లాసు లేదు’ అన్న కబురు వాట్సాప్‌లోనే పంపండి, అందులో సందేహం లేదు. స్వాగతం మాత్రం గ్రూపులో చెప్పవద్దు. గ్రూపులో చేర్చగానే ఆవిడ ఫోను నంబరు ముక్కూముఖం తెలియని వందమందికి కనిపిస్తుంది. మన ఊళ్లలో దానివల్ల వచ్చే తలనొప్పులు మీకు తెలియనివి కావు. ఒకే సందేశం చాలామందికి విడివిడిగా వెళ్లే బ్రాడ్‌కాస్టు పద్ధతిలో నంబరు బయటపడదు. అయితే ఒక జాబితాకు 256 మందే పరిమితి, పైగా మీ నంబరును తమ ఫోనులో దాచుకున్నవారికి తప్ప మిగిలినవారికి సందేశం చేరదు. భోజన పట్టిక కూడా నాలుగు రోజుల్లో శుభోదయాల కింద కూరుకుపోతుంది. మెయిల్లో అయితే మూడు నెలల తర్వాత వెతికినా దొరుకుతుంది. మెయిలు చూసే అలవాటు లేనివారికి అదే ఉత్తరాన్ని, అవే మాటలతో, విడిగా వాట్సాప్‌లో పంపండి.

ప్రశ్న: తణుకులో జిమ్ నడుపుతూ ఈ మధ్యనే ఆన్‌లైన్ శిక్షణ కూడా మొదలుపెట్టాను. జిమ్ రిజిస్టరులో ఉన్న పాత చిరునామాలన్నిటికీ స్వాగత ఉత్తరం పంపాను. ఎక్కువ భాగం స్పామ్‌లో పడ్డాయట. రంగుల పోస్టరు డిజైన్ చేయించి, నా జీమెయిల్ చిరునామాతోనే ఒక సాఫ్ట్‌వేర్ ద్వారా పంపాను. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తణుకు

సమాధానం: ముందు ఆ పాత జాబితా పక్కన పెట్టండి. వాళ్లు మీకు చిరునామా ఇచ్చింది జిమ్ ఫీజు రసీదు కోసం, ఉత్తరాల కోసం కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా ఏ పనికోసం సమ్మతి తీసుకున్నామో ఆ పనికే సమాచారం వాడాలని, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం అంత సులువుగా ఉండాలని చెబుతోంది. పాతవారు ఎదురుపడినప్పుడు అడగండి, సరేనన్నవారినే చేర్చండి.

సాంకేతికంగా చూస్తే అసలు ఇబ్బంది జీమెయిల్ చిరునామాతో వేరే సాఫ్ట్‌వేర్ నుంచి పంపడంలో ఉంది. ఉత్తరం జీమెయిల్ నుంచి వచ్చినట్టు పైన రాసి ఉంటుంది, నిజానికి అది వచ్చింది ఇంకెక్కడి నుంచో. అందుకున్న సర్వరుకు అది దొంగ ఉత్తరంలా కనిపిస్తుంది. మీ జిమ్ పేరుతో సొంత డొమైను (ఈమెయిలు చిరునామాలో @ తర్వాత వచ్చే పేరు) కొనుక్కుని, దాని మీద చిరునామా పెట్టుకుని, ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు రికార్డులు డొమైను సెట్టింగుల్లో చేర్పించండి. ఈ డొమైను పేరుతో ఉత్తరాలు పంపే హక్కు ఎవరికుంది, దారిలో ఎవరూ మార్చలేదనడానికి రుజువేమిటి, తేడా వస్తే ఏం చేయాలి అన్నవి అవి చెబుతాయి. వెబ్‌సైటు చేసిపెట్టే కుర్రాడికి ఇది పూటలో అయ్యే పని. గూగుల్, యాహూ సంస్థలు 2024 ఫిబ్రవరి నుంచి ఈ నిబంధనలను గట్టిగా అమలు చేస్తున్నాయి. గూగుల్ లెక్కలో రోజుకు 5,000కు పైగా జీమెయిల్ చిరునామాలకు పంపేవారికి ఈ మూడింటితో పాటు ఒక్క నొక్కుతో ఆపేసుకునే వీలు కూడా తప్పనిసరి. మీరు అంతమందికి పంపకపోయినా పెట్టుకోవడమే మంచిది. స్పామ్ అని ఫిర్యాదు చేసేవారు 0.3 శాతానికి చేరకూడదన్నది ఇంకొక నిబంధన. అంటే వెయ్యి మందిలో ముగ్గురు విసుక్కుంటే చాలు, మీ ఉత్తరాలకు కష్టకాలం వచ్చినట్టే. ‘ఇక వద్దు’ అన్న మాటను కనిపించకుండా దాచేవారు ఈ సంగతి గమనించాలి. ఆపే దారి కనబడనివారు స్పామ్ బొత్తాం నొక్కుతారు.

పోస్టరు మానేయండి. ఉత్తరమంతా ఒక్క బొమ్మగా ఉంటే, బొమ్మలు దిగని ఫోనులో ఖాళీ గడి తప్ప ఏమీ కనిపించదు. స్పామ్ వడపోతకూ అది అనుమానం కలిగించే లక్షణమే. మామూలు అక్షరాలతో రాసిన ఉత్తరం మీ జిమ్ స్థాయిని తగ్గించదు. ‘100 శాతం గ్యారంటీ’ అన్న సబ్జెక్ట్ లైను కూడా తీసేయండి.

ప్రశ్న: నా దగ్గర శిక్షణ తీసుకున్న ఒకావిడ బాగా బరువు తగ్గారు, షుగరు కూడా అదుపులోకి వచ్చింది. ఆవిడ ముందూ వెనకా ఫోటోలు స్వాగత ఉత్తరంలో పెట్టి, ‘షుగరు పూర్తిగా తగ్గిస్తాం’ అని రాయవచ్చా?
– ఒక పాఠకురాలు, రావులపాలెం

సమాధానం: ఆ వాక్యం రాయవద్దు. ఫలానా మందుతో షుగరు గాని, స్థూలకాయం గాని నయమవుతుందని ప్రచారం చేయడాన్ని 1954 నాటి ఔషధాలు, అద్భుత చికిత్సల చట్టం నిషేధించింది. మీరు మందు ఇవ్వడం లేదు కాబట్టి అది మీకు నేరుగా వర్తించదనుకున్నా, రేపు ఏ పొడో, ఏ కషాయమో జత చేశారంటే వర్తించే ప్రమాదం ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మాత్రం తప్పుదోవ పట్టించే ప్రకటన ఏ సేవకు ఇచ్చినా పట్టించుకుంటుంది. ఆవిడకు షుగరు అదుపులోకి రావడంలో డాక్టరు మందుకు ఎంత వాటా ఉందో, మీ శిక్షణకు ఎంత వాటా ఉందో విడదీసి చెప్పడం మీవల్ల కాదు. బరువు విషయంలోనూ ‘ఇన్ని రోజుల్లో ఇన్ని కిలోలు’ అన్న లెక్క వద్దు.

ఫోటోలకు ఆవిడ సమ్మతి కాగితం మీద తీసుకున్నా సరే, మొదటి ఉత్తరంలో పెట్టవద్దనే నా సలహా. రావులపాలెం నుంచి అమలాపురం దాకా అందరూ అందరికీ బంధువులే, ఆ ఫోటో తిరిగి తిరిగి ఆవిడ ఆడపడుచు ఫోనుకే చేరుతుంది. ఇవాళ సరేనన్న మనిషి అప్పుడు ఇబ్బంది పడవచ్చు, అప్పటికి మీరు ఆ ఉత్తరాన్ని వెనక్కి తీసుకోలేరు. పైగా అప్పుడే చేరిన మనిషికి వేరొకరి ఫోటో చూపిస్తే తన ఫోటో కూడా రేపు ఇలాగే వాడతారేమోనన్న అనుమానం కలుగుతుంది. ఆవిడ చేత నాలుగు మాటలు రాయించి, ఊరి పేరు గాని, ఫోటో గాని లేకుండా నాలుగో వారంలో పంపండి. మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలుగుతున్నాను, పీట మీద కూర్చుని లేవగలుగుతున్నాను వంటి మాటలైతే మరీ మంచిది. అవి అబద్ధమయ్యే అవకాశం తక్కువ, చదివినవారికీ అందుబాటులో ఉన్నట్టు అనిపిస్తాయి.